బానెట్ మీది లిపి

1990ల చివర్లో, చెరకు కొట్టుడు జోరుగా సాగుతున్న రోజులు. మా ట్రాక్టరు నల్లగా పొగ కక్కుతూ ట్రాలీ లాగలేకపోతోంది. రింగులు అరిగాయని మిస్త్రీ తేల్చాడు. బాపు నన్ను నిజామాబాద్‌కు పంపాడు. సామాన్ల దుకాణం కౌంటర్ దగ్గర నిలబడి "టూ ఫార్టీవన్‌కు రింగుల సెట్టు కావాలె" అన్నాను. పొట్లం కట్టిచ్చారు. బోధన్ బస్సెక్కి పొద్దుగూకే వేళకు ఊరు చేరాను. మిస్త్రీ పొట్లం విప్పి, రింగులను అరచేతిలో పెట్టుకుని ఒక్క నిమిషం చూశాడు. అవి మూడు సిలిండర్లకు సరిపోయే సెట్టు. మా బండికి ఉన్నది ఒకటే సిలిండర్. పైగా ఆ రింగులు మా పిస్టన్ కంటే బాగా చిన్నవి.

"నంబరొక్కటే చెప్తె ఎట్ల బిడ్డా? ఎవ్వలి టూ ఫార్టీవనో చెప్పాలె గద" అన్నాడు.

దుకాణంవాళ్లు ఇచ్చింది మాసీ ఫెర్గూసన్ 241 డీఐ సామాను. మాది ఐషర్ 241. మాసీ 241కు మూడు సిలిండర్లు, దాదాపు రెండున్నర లీటర్ల ఇంజన్, 42 హెచ్‌పీ. ఐషర్ 241కు సిలిండర్ ఒక్కటే, నీళ్లు కాకుండా గాలితో చల్లబడే ఇంజన్, హెచ్‌పీ పాతిక. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు, ఒకదాని మేకు కూడా ఇంకొకదానికి ఎక్కదు. కానీ రెండింటి బానెట్ల మీదా ఉన్నవి అవే మూడంకెలు. ఆ రాత్రి మిస్త్రీ అడిగిన 'ఎవ్వలి' అన్న మాట నాలో ఉండిపోయింది. అప్పటి నుంచి బోధన్, ఎడపల్లి, వర్ని, కోటగిరి దారుల్లో ఎక్కడ పాత ట్రాక్టరు కనబడినా ముందు దాని నంబరు చూస్తాను, తర్వాత ఆ నంబరు ఎవరు రాశారో వెతుకుతాను. ట్రాక్టర్ల అంకెలకు ఒకే బాలశిక్ష లేదు. కంపెనీకొక లిపి ఉంది. ఆ లిపులన్నీ ఈ చెరకు సీమ నేల మీద ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

అంకెలు చదవడం ఇక్కడి రైతుకు ట్రాక్టరుతో మొదలైన విద్య కాదు. చెరకు దానికంటే ముందే నేర్పింది. దక్షిణాదిన ఒక తరం పాటు రాజ్యమేలిన రకం 'కో 419'. ఆ తర్వాత వచ్చి ఇప్పటికీ నిలిచినది 'కో 86032'. కో అంటే కోయంబత్తూరు. 1912లో మొదలైన అక్కడి చెరకు ప్రజనన కేంద్రం పేరును రెండు రకాలూ మోస్తున్నాయి. 419 వరుస సంఖ్య మాత్రమే. 86032లో మాత్రం మొదటి రెండంకెలు 1986వ సంవత్సరానివి, మిగిలిన మూడు వరుసకు చెందినవి. ఒకే సంస్థ పెట్టిన పేర్లే అయినా కాలం మారేసరికి లెక్క మారింది. వడ్లకు వస్తే బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్‌ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల. విత్తనం సంచి మీద ఊరి పేరు పోల్చుకునే రైతుకు బానెట్ మీద దేశం పేరు పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు.

ఈ నేలకు చెరకును తెచ్చింది మంజీర నీళ్లు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్ చూపుతో కట్టారు. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు లెక్క వేసుకున్నారు. నీళ్లున్న చోటికి పంట, పంట ఉన్న చోటికి మిల్లు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చుట్టూ వెలసిన పేటకు శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన కార్ఖానా అది. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చి కాలువల వెంట క్యాంపులు కట్టుకున్నాయి. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనకు కేంద్రం వచ్చింది. చెరకు అడిగేవి రెండు. నాటే ముందు నేల లోతుగా తిరగబడాలి. కోసిన గడ ఆలస్యం కాకుండా మిల్లు కాటా దగ్గరికి చేరాలి, లేకపోతే గడలో తీపి తగ్గిపోతుంది. ఎడ్లు ఈ రెండు పనులూ చేశాయి, చాలాకాలం చేశాయి. కానీ నల్లరేగడి గట్టిపడ్డాక అడుగు లోతున దున్నాలంటే ఎన్ని జతలు కట్టినా నాగలి మొరాయించేది. ట్రాక్టరు ఈ సీమలోకి ఆడంబరంగా రాలేదు, ఆ గట్టి నేల కోసం వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఇరవై ఏళ్లు దేశానికి ట్రాక్టర్లు నాలుగు దిక్కుల నుంచీ దిగాయి. వాటి పేర్లలోని అక్షరాలను విడదీస్తే ఒక చిన్న ప్రపంచ పటం కనబడుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఫెర్గూసన్ టీఈ-20లో టీ అంటే ట్రాక్టర్, ఈ అంటే ఇంగ్లండ్, 20 అంటే దాని శక్తి తరగతి. పెట్రోలుతో నడిచేదాన్ని టీఈఏ-20 అనీ, డీజిల్‌దాన్ని టీఈఎఫ్-20 అనీ నడిమధ్య ఒక అక్షరం చేర్చి వేరు చేశారు. సోవియట్ డీటీ-14లో డీ డీజిల్, టీ ట్రాక్టర్, 14 హెచ్‌పీ. ఎంటీజెడ్-50 అంటే మిన్స్క్ ట్రాక్టర్ కర్మాగారం. దాని మరో పేరు బెలారస్ మన రైతులకు ఇంకా బాగా గుర్తుంది. పోలండ్ ఉర్సుస్ సీ-328లో సీ అక్షరం పోలిష్ భాషలో ట్రాక్టర్ అనే మాటకు మొదటిది, చివరి 28 హెచ్‌పీ. తూర్పు జర్మనీ ఆర్‌ఎస్-09లో ఆర్‌ఎస్ అంటే జర్మన్‌లో చక్రాల ట్రాక్టరు. అంటే సోవియట్ వాడైనా, పోలండ్ వాడైనా, జర్మనీ వాడైనా బానెట్ మీద రాసుకున్నది తన భాషలో 'ఇది ట్రాక్టరు' అనే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ కాలంలో కొనేవాడికి ఎంచుకునే వీలు తక్కువ. ట్రాక్టర్లు కొరత సరుకు, డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూడాలి. 1968లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్ పేరు పాతవాళ్ల నోట 'ఆగ్రో' అని ఒక్క మాటగా వినబడేది. ఆగ్రోలో వంతు వచ్చినప్పుడు ఏ దేశపు బండి వస్తే ఆ దేశపు బండినే తెచ్చుకున్నారు. అందుకే తొలితరం ట్రాక్టర్ల నంబర్లలో రైతు అభిరుచి కనబడదు. అప్పటి విదేశీ ఒప్పందాలు కనబడతాయి.

దేశంలో తయారీ 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో ఐషర్ ట్రాక్టరు బయటకు రావడంతో మొదలైంది. మద్రాసులో టాఫే 1960లో పుట్టి మాసీ ఫెర్గూసన్‌ను అందుకుంది. 1963లో మహీంద్రా, అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియాను స్థాపించాయి. అదే 1963లో, జులై 26న, మన జిల్లాలో పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ గోదావరి నీళ్ల కోసం ఎదురుచూసిన తరమే ఆ కంపెనీ చేసిన బి-275 కోసం కూడా ఎదురుచూసింది.

బి-275 గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఈ ప్రాంతంలో 'పాత ట్రాక్టరు' అనగానే చాలామంది కళ్ల ముందు నిలిచేది దాని ఎర్ర బానెట్టే. 275 అంటే 27 హెచ్‌పీయో, మరేదో కొలతో అనుకుంటే పొరపాటు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌కు ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో కర్మాగారం ఉండేది. అమెరికా మోడళ్లతో కలిసిపోకుండా అక్కడ పుట్టినవాటికి బి అని, అంటే బ్రిటిష్ అని, ముందు చేర్చారు. 1956లో బి-250 వచ్చింది. దాన్ని పెంచి 1958లో బి-275 చేశారు. 250 తర్వాత 275 అని మెట్టు ఎక్కించారే తప్ప ఆ అంకె దేన్నీ కొలవదు. కొలిచే అంకె లోపల ఇంజన్‌కు ఉంది: బీడీ-144. బ్రిటిష్ డీజిల్, 144 ఘనపు అంగుళాలు. మన లెక్కలో సుమారు 2,360 సీసీ, నాలుగు సిలిండర్లు, 35 హెచ్‌పీ. బానెట్ మీదిది పేరు, ఇంజన్ మీదిది కొలత. పాత ట్రాక్టరు ముందు నిలబడ్డప్పుడు ఈ రెండింటినీ వేరు చేయగలిగితే సగం చదువు వచ్చినట్టే.

బి-275 ఇంజన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. పక్కనున్న చిన్న గదిలో ముందు అంటుకుని అక్కడి నుంచి వస్తుంది. చలికాలం పొద్దున ఆ గది వేడెక్కేదాకా బండి లేవదు. హీటర్ ప్లగ్గు ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ఈ ఇబ్బంది తెలిస్తేనే తర్వాతి నంబర్ల చివర డీఐ అనే రెండక్షరాలు అంత పెద్దగా ఎందుకు రాశారో అర్థమవుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ అంటే డీజిల్ సూటిగా సిలిండర్‌లోకి చిమ్మడం. తొందరగా లేస్తుంది, నూనె తక్కువ తాగుతుంది. ఇప్పుడు దేశంలో చాలా ట్రాక్టరు ఇంజన్లు డీఐవే. అయినా ఆ అక్షరాలు బానెట్ మీద నుంచి పోలేదు. చలిలో హీటర్ కోసం ఎదురుచూసిన తరానికి ఇచ్చిన మాట అక్కడ అలాగే మిగిలింది.

మహీంద్రా తర్వాతి అంకెలు కూడా బి-275 దారిలోనే నడిచాయి: 265, 275, 475, 575. వీటిలో హెచ్‌పీ వెతికితే దారి తప్పుతాం. 475 డీఐ 42 హెచ్‌పీ, 575 డీఐ 45. అంకెలో వంద తేడా, శక్తిలో మూడే. 265 డీఐ 30, 275 డీఐ 39. అంకెలో పది తేడా, శక్తిలో తొమ్మిది. ఈ నంబర్లను కొలమానంగా చూడకూడదు, ఇంటి పేర్లలా చూడాలి. కంపెనీ కూడా ఒక దశలో ఆ సంగతి గ్రహించినట్టుంది. 475కు భూమిపుత్ర అనీ, 575కు సర్పంచ్ అనీ పేర్లు తగిలించింది. పేర్లు వచ్చినా ఊళ్లో నోళ్లు మాత్రం 'ఫోర్ సెవెంటీఫైవ్', 'ఫైవ్ సెవెంటీఫైవ్' అనే అంటాయి.

మాసీ దారి వేరు. దాని వంశానికి మూలం 35. 1950ల చివర ఫెర్గూసన్ 35, మాసీ ఫెర్గూసన్ 35గా మారింది. ఆ 35 హెచ్‌పీ తరగతి అంకె. 1964లో బ్రిటన్‌లో కొత్త వరుస వచ్చినప్పుడు ముందు ఒకటి చేర్చి 135 అన్నారు. ఒకటి వంద వరుసకు గుర్తు, 35 పాత వంశానిది. మన దగ్గర టాఫే చేతిలో అది 1035 అయింది. 'టెన్ థర్టీఫైవ్' అని ఈ జిల్లాలో పలికినప్పుడల్లా మొదటి మాటను వదిలేసి రెండోదాన్ని వినండి, పాత 35 పలుకుతుంది. దాని పక్కనే ఇంకో అందమైన లెక్క ఉంది. 35లోనూ 135లోనూ వాడిన పెర్కిన్స్ ఇంజన్ నంబరు 3.152. చుక్కకు ముందున్నది సిలిండర్లు, తర్వాతది ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం. 152 ఘనపు అంగుళాలంటే రెండున్నర లీటర్లు. దాని ముందు ఏడీ అని ఉంటే డైరెక్ట్ ఇంజెక్షన్ రకం. మద్రాసులో టాఫేకు తోబుట్టువు లాంటి సింప్సన్ కంపెనీ 1950ల నుంచే పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తయారుచేసింది. అందుకే మన మిస్త్రీలు మాసీ ఇంజన్‌ను ఎప్పుడూ మాసీ అనరు, 'సింప్సన్ ఇంజన్' అంటారు. ట్రాక్టరు నంబర్లన్నిటిలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచేది ఈ 3.152. అందులో కట్టుకథ లేదు, ఎదుగుదల మెట్లు లేవు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

దాని తర్వాత నిలబెట్టదగినది హెచ్ఎంటీ. తెలంగాణలో హెచ్ఎంటీ అనే మూడక్షరాలు ముందు చేతి గడియారంగా వచ్చాయి. తర్వాత వడ్లుగా వచ్చాయి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు తాను ఎంపిక చేసి పెంచిన సన్నరకానికి ఆ గడియారం పేరే పెట్టాడు. ఈ రోజుకీ మన అన్నంలో 'హెచ్ఎంటీ బియ్యం' ఉంది. ట్రాక్టరు ఆ రెండింటి నడుమ వచ్చింది. హర్యానాలోని పింజోర్‌లో 1971లో చెకోస్లోవాకియా జెటార్ పరిజ్ఞానంతో హెచ్ఎంటీ 2511 తయారీ మొదలైంది. జెటార్ అంత చక్కగా లిపి రాసిన కంపెనీ మరొకటి లేదు. మొదటి రెండంకెలు హెచ్‌పీ: 2511 పాతిక, 3511 ముప్పై ఐదు, 5911 యాభై తొమ్మిది. చివరి 11 అంటే వెనక రెండు చక్రాలకే డ్రైవ్. నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉంటే జెటార్ అక్కడ 45 రాస్తుంది. అందుకే 6711, 6745 ఒకే శక్తి గల అన్నదమ్ములు. 1946లో వాళ్ల తొలి ట్రాక్టరు పేరే జెటార్ 25. ఆ పాతిక మన 2511లో మొదటి రెండంకెలుగా బతికింది. ప్రభుత్వ కంపెనీ గనుక ఈ ట్రాక్టరు మీద రైతులకు ఒక నమ్మకం ఉండేది. 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి ఆమోదం తెలిపింది. చదవడానికి అంత తేలికైన లిపికి కొత్త పేజీలు రావడం ఆగిపోయింది.

స్వరాజ్ పుట్టుక వేరే రకం. దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో రూపుదిద్దుకున్న మన సొంత నమూనాతో 1970లో పంజాబ్ ట్రాక్టర్స్ ఏర్పడింది. 1974లో స్వరాజ్ 724 వచ్చింది. 724, 735, 744, 855... చివరి రెండంకెలు హెచ్‌పీ తరగతిని సూచిస్తాయి. సూచిస్తాయంటే చాలు, కచ్చితంగా చెబుతాయని అనుకోవద్దు. 735 ఇప్పుడు 40 హెచ్‌పీ. బిడ్డ ఎదిగినా ముద్దుపేరు మారనట్టు ఇంజన్ పెరిగినా అంకె అక్కడే ఉండిపోయింది.

ఫోర్డ్ 3600 మరో ఉచ్చు. 3600 అంటే 36 హెచ్‌పీ అని ఇప్పటికీ వాదించేవాళ్లను చూశాను. నిజానికి 1965లో ఫోర్డ్ తన ట్రాక్టర్లకు 2000, 3000, 4000, 5000 అని వేల మెట్లు పెట్టింది. 1975లో వాటిని సవరించి చివర 600 చేర్చింది. మూడు వేల మెట్టు మీద ఆరువందల తరం, అదే 3600. మూడు అంటే సిలిండర్లూ కాదు, ఎందుకంటే 2000కీ, 4000కీ కూడా మూడే సిలిండర్లు. ఎస్కార్ట్స్ సంస్థతో కలిసి ఫరీదాబాద్‌లో తయారైన ఆ నీలి ట్రాక్టరుకు బరువు ట్రాలీ లాగడంలో మంచి పేరుండేది. ఫోర్డ్ వెళ్లిపోయాక ఎస్కార్ట్స్ బండ్లు ఫార్మ్‌ట్రాక్ అయ్యాయి. ఫోర్డ్ ట్రాక్టర్ల వారసత్వం అందుకున్న న్యూహాలండ్ మన దేశంలో 3600 అంకెను వదలలేదు, 3630 కూడా దాని నీడలోనే పుట్టింది. కంపెనీ చేతులు మారినా అంకె చేతులు మారదు.

ముప్పై ఐదు హెచ్‌పీ ఈ నేలకు ఒక తరం పాటు సరిపోయిన కొలత. అది ఎన్నెన్ని చోట్ల దాక్కుందో చూడండి. మాసీ 1035లో చివర, హెచ్ఎంటీ 3511లో మొదట, స్వరాజ్ 735లోనూ ఎస్కార్ట్స్ 335లోనూ చివర. బి-275లో మాత్రం ఎక్కడా లేదు, ఇంజన్‌లోనే ఉంది. ఐదు బండ్లను ఒక గట్టు మీద వరుసగా నిలబెడితే అవి చేసే పని దాదాపు ఒకటే. వాటి బానెట్లు మాత్రం ఐదు వేర్వేరు మాటలు చెబుతాయి.

హెచ్‌పీ అన్న మాటను కూడా కొంత విప్పాలి. ఇంజన్ దగ్గర కొలిచేది ఒకటి, వెనక తగిలించే యంత్రాలను తిప్పే పీటీఓ ఇరుసు దగ్గర కొలిచేది మరొకటి, నాగలి లాగే కొక్కెం దగ్గర మిగిలేది ఇంకొకటి. ప్రతి మెట్టు దగ్గరా కొంత శక్తి గేర్లలో, టైర్లలో ఖర్చయిపోతుంది. మెత్తటి మడిలో ఇంకా ఎక్కువ పోతుంది. యూరప్ లెక్కలో హెచ్‌పీ 735 వాట్లు, ఇంగ్లండు లెక్కలో 746. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్రం దేశంలో అమ్మే ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో ఈ కొలతలన్నీ విడివిడిగా ఉంటాయి. కొనేముందు బానెట్ చూడటం కంటే ఆ నివేదికలో పీటీఓ అంకె చూడటం మంచిదని నా గట్టి నమ్మకం.

పాత బండి విషయంలో బానెట్‌ను అసలు నమ్మకూడదు. రంగు మళ్లీ వేస్తారు, స్టిక్కరు మళ్లీ అంటిస్తారు. ఒక బండి బానెట్ విరిగితే పక్క మోడల్ బానెట్ తెచ్చి బిగిస్తారు. నిజం నాలుగు చోట్ల దొరుకుతుంది: రివెట్లతో కొట్టిన రేకు పలక, ఛాసిస్ మీద గుద్దిన వరుస, ఇంజన్ దిమ్మ మీద పోతలోనే తేలిన అంకెలు, ఆర్‌సీ. ఆర్‌సీలో సిలిండర్లు, సీసీ, తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. టైరు కూడా ఒక వాక్యమే. 12.4-28 అంటే టైరు వెడల్పు 12.4 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. ముందు చక్రం 6.00-16. ఇక నంబరు ప్లేటు. మూడక్షరాల పాత వరుస పోయి 1989 తర్వాత ఏపీ 25 వచ్చింది. 2014లో టీఎస్ 16 అయింది. 2016లో కామారెడ్డి వేరు పడితే అక్కడి బండ్లకు టీఎస్ 17 వచ్చింది. 2024లో టీజీ వచ్చింది. ఏపీ 25 అని తెల్లరంగుతో రాసిన మడ్‌గార్డు ఇప్పటికీ మా వైపు కనబడుతుంది. ఆ ప్లేటు ఒక రాష్ట్రం కాలాన్ని చెబుతుంది, బానెట్ ఒక ఒప్పందం కాలాన్ని చెబుతుంది.

చెరకు పెద్ద ట్రాక్టరును దుక్కికీ, రవాణాకూ పిలిచింది. మొక్క మోకాలెత్తు వచ్చాక మాత్రం పొలంలోకి రానివ్వలేదు. చాళ్ల మధ్య కలుపు తీయాలి, బోదెకు మట్టి ఎగదోయాలి. మూడడుగుల ఎడంలో పెద్ద బండి దూరదు. అక్కడ చాలాకాలం ఎడ్లూ, కూలీలే దిక్కు. తోట పనికి చిన్న ట్రాక్టరు కావాలన్న కోరిక లోకమంతటా ఉంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో పుట్టిన వీల్ హార్స్ తోట ట్రాక్టర్ల మీద 1962లో 502, 702 అని ఉండేది. మొదటి అంకె హెచ్‌పీ, చివరి 2 అంకె 1962లోని చివరి 2. మన కో 86032 లాగే సంవత్సరాన్ని పేరులో దాచుకున్న లిపి అది. మనకు ఆ పని చేసింది బెంగళూరు వీఎస్టీ. మిత్సుబిషి సాయంతో ముందు పవర్ టిల్లర్లు తెచ్చింది. 130 డీఐ అంటే 13 హెచ్‌పీ, చివరి సున్నాను దశాంశంగా చదవాలి. అదే లెక్కన ట్రాక్టరు ఎంటీ 180డి, 18 హెచ్‌పీ పైచిలుకు. చివరి డిని చూసి డీజిల్ అనుకోవడం సులభం, జపాన్‌లో మిత్సుబిషి మాత్రం ఆ అక్షరాన్ని నాలుగు చక్రాల డ్రైవ్‌కు వాడింది. తర్వాత మహీంద్రా యువరాజ్ 215 వచ్చింది, 15 హెచ్‌పీ, ఒకే సిలిండర్. దాని వెనకే జీవో 245 వచ్చింది, 24 హెచ్‌పీ. మాసీలో కూడా 245 ఉంది, అది దానికి దాదాపు రెట్టింపు. నా 241 కథ ఇంకో ఇంట్లో మళ్లీ జరగడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఈలోగా చెరకే తగ్గిపోయింది. 2002లో నిజాం షుగర్స్‌లో బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లు ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయాయి. 2015 డిసెంబరులో వాటికి తాళం పడింది. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకు ముందే మూతబడింది. కాటా దగ్గర రాత్రంతా వరుసకట్టిన ట్రాలీల దీపాలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఆ చలిలో డ్రైవర్లు బానెట్ మీద చేతులు కాచుకునేవాళ్లు. ఆ వెచ్చదనం కిందనే అంకెలుండేవి. చెరకు పోయిన చోట వరి, సోయా వచ్చాయి. అవే ట్రాక్టర్లు కేజీ వీల్స్ తగిలించుకుని మడిలోకి దిగాయి. బురద పలకలను తింటుంది. కరిగెట్టు దున్నిన పదేళ్లకు రివెట్లు ఊడి రేకు పలక రాలిపోతుంది. చెరకు కాలంలో చదవగలిగిన బండ్లు వరి కాలంలో చదవరానివయ్యాయి. కంపెనీల పలకలూ మారాయి. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి వచ్చాయి. పంజాబ్ ట్రాక్టర్స్‌ను 2007లో మహీంద్రా కొంది. ఎస్కార్ట్స్ 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయింది. నన్ను ఆ రోజు తికమకపెట్టిన రెండు 241లు ఇప్పుడు ఒకే ఇంటివి.

2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్లు జహీరాబాద్‌లో తయారవుతున్నాయి. ఆ చుట్టుపక్కల కూడా చెరకు పండే నేలే. 2023 ఆగస్టు 15న ఆ కంపెనీ జపాన్ మిత్సుబిషి మహీంద్రా సంస్థతో కలిసి రూపొందించిన ఓజా చిన్న ట్రాక్టర్లను చూపించింది. తయారీ జహీరాబాద్‌లోనే. 2121, 2124, 2127, 2130, 3132, 3136, 3140: చివరి రెండంకెలు హెచ్‌పీ, ముందు రెండు ఏ చట్రం మీద కట్టారో చెబుతాయి. యాభై ఏళ్ల కిందట 2511లో మొదట ఉన్న కొలత ఇక్కడ చివరికి జరిగింది. బి-275 కాలం నాటి మహీంద్రా లిపితో పోలిస్తే ఇది చదవగలిగే లిపి.

మొన్న ఒక ట్రాక్టర్ల అంగడి ముందు ఓజా 2121 పక్కన అమ్మకానికి పెట్టిన పాత ఎంటీ 180డి నిలబడి ఉంది. ఇంకా చెరకు వదలని ఒక పెద్దమనిషి రెండింటి చుట్టూ తిరిగాడు. నేను బానెట్లు చదువుతున్నాను. ఆయన జేబులోంచి కొలత టేపు తీసి, కొన నన్ను పట్టుకోమని, వెనక చక్రాల నడుమ ఎడం కొలిచాడు. తర్వాత టైరు బయటి అంచు నుంచి అవతలి అంచు దాకా కొలిచాడు. అరచేతి మీద పెన్నుతో రెండంకెలు రాసుకుని, మా చాలు నాలుగడుగులు అన్నాడు.